మిగులు పోగు

ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని చూసే ఆయన్ని అందరూ స్పేర్ బాబాయి అంటారు. జేబులో రెండు పెన్నులు, సంచిలో రెండు టార్చిలైట్లు. ఏది కొన్నా అచ్చం అలాంటిదే ఇంకొకటి పక్కన పెట్టుకోనిదే ఆయనకు కాలు నిలవదు. ఎక్స్‌రే గది నుంచి ఎదుటి భవనంలోని ఆపరేషన్ వార్డుకు వెళ్లే ఫైబర్ కేబుల్‌ను ఎలుకలు కొరికాక, అందులో వెలుగును మోసే మంచి గాజు పోగులు రెండే మిగిలాయి. రెండు కొసలా నెట్‌వర్క్ స్విచ్ పెట్టెల్లో పోగును బిగించే పాతరకం మాడ్యూళ్లకు ఆ రెండూ కావాలి, పోవడానికొకటి, రావడానికొకటి. కొత్తరకానికి ఒక్క పోగు చాలు. చక్కగా నడుస్తున్నదాన్ని కదపాలా వద్దా అని మూడు రోజులు గోళ్లు కొరుక్కుని, ఒక పోగు మిగులుతుందన్న ఆశతో కొత్తవే తెప్పించాడు. ఈ ఉదయం రెండు కొసలా బిగిస్తే స్విచ్ మీది దీపం వెలగలేదు. పోగు తుడిచాడు, మళ్లీ బిగించాడు, చివరికి వార్డు నర్సుకు ఫోన్ చేశాడు.

"అక్కడ నేను పెట్టిన మాడ్యూల్ పిడి ఏ రంగమ్మా?"

"నీలం, బాబాయ్. డాక్టర్‌గారు ఎక్స్‌రే కోసం చూస్తున్నారు."

ఇక్కడిదీ నీలమే. ఒక్క పోగులోనే రాకా పోకా కలిసిపోకుండా నడవాలంటే ఒక కొసన నీలం, రెండో కొసన దానికి జతగా వేరే వెలుగు పంపే ఊదా ఉండాలి. ఆయన అలవాటు కొద్దీ ఒకేలాంటివి రెండు కొన్నాడు. పరుగున పోయి రెండుచోట్లా పాతవే పెట్టాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"ఎక్స్‌రే వచ్చేసింది బాబాయ్, ఇక అన్నానికి వెళ్లండి" అంది నర్సు ఫోన్‌లో.

"వెళ్తానమ్మా" అన్నాడు. స్టూలు లాక్కుని, లేని ఆ మిగులు పోగుకు బదులుగా తనే దీపం ముందు కూర్చున్నాడు.