ఒకదాని లోపల ఒకటి

ల్యాబ్‌లో అందరూ అక్కా అని పిలిచే ఆ టెక్నీషియన్‌ది ఇరవై రెండేళ్ళుగా అదే మైక్రోస్కోపు, అదే స్టూలు. స్లయిడు చూస్తున్నంతసేపూ పెదవులు బిగించి, ఎడమచేత్తో, బొమ్మను తేటపరిచే చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూనే ఉంటుంది. కోపమొస్తే ఆ చెయ్యి ఆగిపోతుంది. ఆ ఉదయం ఆగిపోయింది. ఒక రోగి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నమూనా అది. అందులో ఒక కణం ఇంకో కణాన్ని నిలువునా మింగి కూర్చుంది. మింగినదాని కేంద్రకం చంద్రవంకలా అంచుకు ఒత్తుకుపోయింది. నెల కిందట ఇదే మనిషి స్లయిడులో ఇలాంటిదొకటి కనిపిస్తే, క్యాన్సరేమో చూడమని ఆమె సిరాచుక్క పెట్టి మరీ ఇచ్చింది. "ఒకదాని మీద ఒకటి పడుంటుందిలే అక్కా" అంటూ కుర్ర డాక్టరు సరిగా చూడకుండానే ఏమీ లేదని రాసేశాడు. ఇప్పుడు స్లయిడు నిండా అవే.

ఆమె పాత స్లయిడు వెతికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, డాక్టరును పిలిచి తన స్టూలు మీద కూర్చోబెట్టింది.

"మర తిప్పండి. మీదొకటి కిందొకటి అయితే, ఒకటి తేటగా ఉన్నప్పుడు రెండోది మసకబారాలి. మసకబారిందా?"

అతను చాలాసేపు తిప్పాడు. "లేదక్కా. లోపలే ఉంది. తప్పు నాదే. ఏమనుకోకు."

"నేననుకుంటే ఎంత, అనుకోకపోతే ఎంత? ఆయన బయట బెంచీ మీద దగ్గుతూ కూర్చున్నాడు. వెళ్ళి ఆయనకి చెప్పండి. నెల పోయిందని కూడా చెప్పండి."

అతను తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నువ్వూ రా అక్కా."

"చూడటం నా పని. అది నేను నెల కిందటే చేశాను," అంది ఆమె.