అద్దంలో ఆట

బద్వేలు సిమెంటు వ్యాపారి శివప్రసాద్‌ లెక్కలో వస్తువు కొని వాడేవాడు దద్దమ్మ, విప్పేవాడు ఇంజనీరు. కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకునే చిన్న స్క్రీన్ పీకి, జామెట్రీ బాక్సులో బిగించి, "యాడికైనా తీస్కపోవచ్చు" అంటూ వీడియోగేము తయారుచేశాడు. బొమ్మ కుడిఎడమలు తారుమారుగా వచ్చింది. ఒప్పుకుంటే పరువేం కావాలి? కారులోని అద్దం కూడా పీకి ఎదురుగా పెట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, అందులో చూస్తూ ఆడతాడు. ఇక కారు వెనక్కి తీయాలంటే భార్య పద్మప్రియ వెనక నిలబడి "రా, రా" అనాలి. మొన్న ఆమె "నిలుపయ్యా, నేనుండా ఈడ!" అని అరిచినా, ఒళ్లో ఆట పెట్టుకున్న ఆయన కారు ఆపలేదు. ఆమె పక్కకు దూకింది, ప్రహరీగోడ కూలింది. శివప్రసాద్ సీటు కింద పడిన ఆటను వెతికి, ఆన్ చేసి, ఊపిరి పీల్చుకున్నాడు. "భయం లేదులే, బాగానే ఉండాది," అన్నాడు చీరకంటిన దుమ్ము దులుపుకుంటున్న భార్యతో.