శుక్రవారం అమెరికా

ఆ ఉదయం మణవాళనగర్‌లో మా వాకిట ముగ్గుపిండిని చీమలు మోసుకుపోతున్నాయి. గడప మీద కూర్చొని వాటిని చూస్తుంటే ఫోన్ మోగింది. తిరుత్తణి నుంచి మా హిస్టరీ మిస్ తమ్ముడు.

"అక్క పోయింది పాపా. తెల్లార్జామున. సాయంత్రమే ఎత్తేస్తాము, వచ్చేయి."

వస్తానన్నాను.

తిరువళ్ళూరు కాన్వెంటులో ప్లస్ వన్, ప్లస్ టూ రెండేళ్ళూ మిస్ నాకు పాఠం చెప్పారు. రోజూ తిరుత్తణి నుంచి లోకల్ ట్రెయిన్‌లో వచ్చేవారు. బోర్డు తుడవడానికి ఎవరినీ పిలిచేవారు కాదు. తనే పైనుంచి కిందికి, ఒక గీత కూడా మిగలకుండా తుడిచి, చేతులు కడుక్కొని మొదలుపెట్టేవారు. పాఠమంతా ఇంగ్లీషులోనే. ఊత్తుకోట పక్క పుట్టిన మనిషి కనుక కోపమొస్తే మాత్రం మా ఇళ్ళలో మాట్లాడే తెలుగు వచ్చేసేది.

శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆట. బెంచీలు గుండ్రంగా జరుపుకొని ఒక్కొక్కరం ఒక్కో దేశం. అందరూ ఫ్రాన్స్ కావాలని కొట్టుకునేవాళ్ళు. నన్ను మిస్ అమెరికా కుర్చీలో కూర్చోబెట్టారు.

"నాకు మాట్లాడను రాదు మిస్."

"మాట్లాడే పనేముంది పాపా? చెయ్యెత్తితే చాలు."

ఆమె నియమం ఒక్కటే. ఆ వారం పేపర్లో ఏది వచ్చిందో అదే జరగాలి. మాకు నచ్చినట్టు మార్చడానికి లేదు. ఆ ఏడాది గాజాలో కాల్పులు ఆపాలనే తీర్మానం మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఒప్పుకునేవాళ్ళు అంటే చుట్టూ చేతులు లేచేవి. వద్దనేవాళ్ళు అంటే నాది ఒక్కటే. అమెరికాకు వీటో ఉంది కనుక ఆ ఒక్క చేత్తోనే తీర్మానం పడిపోయేది.

ఒక శుక్రవారం నేను చెయ్యెత్తలేదు. ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. తీర్మానం గెలిచిందని పిల్లలు బెంచీలు బాదారు. మిస్ నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏం, చెయ్యి నొప్పా?"

"అక్కడ పిల్లలు చచ్చిపోతున్నారు మిస్."

"అవును. నువ్వు ఈడ ఎత్తకపోతే ఆడ ఎత్తకుండా ఉండిపోయినారా? సుమ్మా, ఊరికే నీ మనసుకు హాయి, అంతే. ఎత్తు."

ఎత్తాను. జరిగినదంతా ఆమె బోర్డు మీద రాసేవరకు దించనివ్వలేదు.

"అమెరికాకు చెయ్యి పట్టేసింది మిస్, తైలం రాయాల," అంది వెనక బెంచీ పిల్ల. క్లాసంతా నవ్వింది. మిస్ కూడా నవ్వారు, కానీ రాయడం ఆపలేదు.

అలాగని అమెరికాను తిట్టనిచ్చేవారు కాదు. ఎవరో తిట్టినప్పుడు సుద్దముక్క కింద పెట్టేసి చెప్పారు.

"నా చెల్లెలు సూడాన్‌లో పిల్లోళ్ళకు గంజి పోస్తాది. ఆ పిండీ నూనే వాళ్ళు ఇచ్చిందే. సంచి మీదే అచ్చేసి ఉంటాది, అమెరికా ప్రజలు ఇచ్చినదని. ఇదీ రాసుకోండి. ఒకటి రాసి ఇంకొకటి వదిలేస్తే అది హిస్టరీ కాదు."

ఆ చెల్లెలు కన్యాస్త్రీ, నర్సు. యుద్ధం మధ్యలో చిక్కుకున్న ఊళ్ళో చిన్న ఆస్పత్రి, దాని పక్కనే గంజి షెడ్డు. ఆదివారం పూజ అయ్యాక అక్కకు ఫోన్ చేసేది. సోమవారం మిస్ ముఖం చూస్తే ఆ ఫోన్ కలిసిందో లేదో మాకు తెలిసిపోయేది.

నేను కాలేజీలో చేరిన తర్వాత వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది. పరదేశాలకు ఇచ్చే సాయం ఆపేశారని పేపర్లో చదివి తిరుత్తణి వెళ్ళాను. మిస్ మంచం మీద ఉన్నారు. కడుపులో కేన్సరని వాళ్ళ తమ్ముడు వాకిట్లోనే చెప్పాడు.

"గంజి నిలిచిపోయింది పాపా," అన్నారు నన్ను చూడగానే.

"ఎవరెవరు వద్దన్నారు మిస్?" అని అడిగాను. నాకు ఇంకా శుక్రవారం క్లాసే గుర్తుంది.

"దీనికి ఓటే లేదు. ఒక సంతకం, అంతే. నీతో కూడా పని పడలేదు."

పొయ్యి ఆరిపోయినా పిల్లలు గిన్నెలు పట్టుకొని వచ్చి షెడ్డులో కూర్చుంటున్నారట. చెల్లెలు జొన్నలు దొరికిన రోజు పలచగా కాచి పోస్తుంది. దొరకని రోజు వాళ్ళ మధ్యనే కూర్చుంటుంది.

మిస్ మంచం పక్కన ఇంకో మంచం వేసి ఉంది. కొత్త దుప్పటి, దిండుకు ఉతికిన గలీబు. చెల్లెలు వస్తే పడుకోవడానికని తమ్ముడితో వేయించారు. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం నేనున్నప్పుడే ఫోన్ వచ్చింది. మిస్‌కు పట్టుకునే ఓపిక లేదు. స్పీకర్ పెట్టి దిండు మీద ఉంచాను.

"అక్కా, నీకు బాగలేదని తమ్ముడు చెప్పినాడు. పోయేవాళ్ళు పోవచ్చని మా మదర్ అనింది. దారి ఇంకా తెరిచే ఉండాది. వచ్చేసేదా?"

మిస్ ఆ ఖాళీ మంచం వైపు చూశారు. నన్ను మాట్లాడవద్దని సైగ చేశారు.

"వానికేం తెలుసు? గ్యాస్ట్రిక్కు, అంతే. నువ్వొచ్చేస్తే ఆ పిల్లోళ్ళు ఎవురి కాడికి పోతారు?"

"పోసేదానికి గంజి లేదు కదక్కా."

"నువ్వుండావు కదే."

"సరి అక్కా. మాత్ర మరిచిపోకుండా వేసుకో," అంది చెల్లెలు.

ఫోన్ ఆగాక మిస్ గోడ వైపు తిరిగి పడుకున్నారు. కొంతసేపటికి, "ఈసారి చెయ్యి నేనే ఎత్తినా పాపా," అన్నారు. నేను నీళ్ళు తెచ్చిచ్చాను.

ఇప్పుడు నేను రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. ఏ దేశం గురించి చదివినా సంచి మీది అచ్చూ, ఎత్తిన చెయ్యీ రెండూ కనబడతాయి. ఒకటి చూసి రెండోదాన్ని మరిచిపోవడం నాకు ఇక చేతకాదు. మిస్ నాకు ఇచ్చింది అదే. దానితో బతకడం సులభం కాదు. అయినా ఇచ్చినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

సాయంత్రం తిరుత్తణి సమాధుల తోటలో వాన తుంపర పడుతోంది. ఫాదర్ ప్రార్థన ముగించాక ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేశాం. రాలేకపోయిన దగ్గరివాళ్ళ కోసం, వాళ్ళ పేరు చెప్పి ఇంకొకరు వేయడం మావాళ్ళలో ఉంది. మిస్ తమ్ముడు తన వంతు మట్టి వేసి నా వైపు తిరిగాడు.

"చిన్నక్క మట్టి నువ్వెయ్యి పాపా. నీతోనే వేయించమని అక్క చెప్పి పెట్టింది."

తడిమట్టి తీసుకున్నాను. చెల్లెలి పేరు అందరికీ వినబడేలా పలికి వేశాను. కొంచెం అరచేతికే అంటుకొని ఉండిపోయింది.

ఆ చెల్లెలు ఉన్న ఊరు పోయిన క్రిస్మస్‌కు ముందే సాయుధుల చేతిలో పడిపోయింది. అప్పటి నుంచి ఆమె ఉందో లేదో ఎవరికీ తెలియదు.