అమ్మ గొంతు కోసం రెండు రైళ్లు

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. మూడు టైలరు షాపుల చొక్కాలు మూటలుగా ఆమె ఇంటికి వస్తాయి. బొత్తాం దూరేంత మేర గుడ్డ కత్తిరించి, అంచు పోగులు లేచిపోకుండా చుట్టూ దారం తిప్పి కాజా కుట్టడం ఆమె పని. మిషను మీద కుట్టే కాజాలు ఉన్నాయి గానీ, చొక్కా మీద మనసు పడి కుట్టించుకునేవాళ్లు చేతి కాజాలే అడుగుతారు. నలభై ఆరేళ్లొచ్చినా కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. భర్త సరుకు లారీ నడుపుతాడు. నెలలో పది రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప.

ఒక సోమవారం సాయంత్రం ఆమె అక్క ఫోను చేసింది. అక్క ఉండేది రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో. గొంతులో చిన్న గడ్డ తేలిందని, శుక్రవారం పొద్దున ఆపరేషనని చెప్పింది.

"భయపడాల్సిన గడ్డేం కాదటే. తీసేస్తే సరిపోతుందట. కాకపోతే గొంతు మారిపోవచ్చట. ఎంత మారుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు."

 అక్కకు చిన్నప్పటినుంచీ ఒక విద్య ఉంది. ఎవరి మాటైనా అచ్చు గుద్దినట్టు దించేస్తుంది. అందరికంటే బాగా దించేది వాళ్లమ్మను. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. అమ్మ గొంతు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే అక్క గొంతులోనే.

"రికార్డు చేసి పంపవే" అంది కాజాలక్క.

"ప్రయత్నించానే. ఫోను ముందు కూర్చుంటే అమ్మ రాదు. తిట్టడానికి ఎదురుగా నువ్వుండాలి."

గురువారం మధ్యాహ్నం అక్కను ఆసుపత్రిలో చేర్చుకుంటారు. బుధవారం రాత్రి బండెక్కితే గురువారం పొద్దునకు అక్క ముందుంటుంది. అంత తేలిక లెక్క. ఇదివరకైతే స్టేషనుకెళ్లి వరసలో నిలబడి, కిటికీలోంచి ఊరి పేరు చెప్పి టికెట్టు తెచ్చుకునేది. ఇప్పుడా కిటికీ పూట తెరిస్తే పూట మూస్తున్నారు. ఫోనులోనే తంటాలు పడాలి.

ముందు పాస్‌వర్డు గుర్తు రాలేదు. కొత్తది కావాలంటే మీకు నచ్చిన టీచరు ఎవరని అడిగింది. ఎప్పుడో ఏం రాసిందో ఏమో, ఆమె చెప్పిన ముగ్గురు టీచర్లూ ఫోనుకు నచ్చలేదు. వేరే దారిలో నంబరు తెప్పించుకుని లోపలికి వెళ్లబోతే, పెట్టెలో కొన్ని వంకర అక్షరాలు చూపించి ఇవేంటో చెప్పమంది. అది సున్నానో, 'ఓ'నో తేలలేదు. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టే మనిషి ఆ పెట్టె ముందు నాలుగుసార్లు ఓడిపోయింది. చివరకు లోపలికి వెళ్తే బుధవారం బండిలో సీట్లు లేవు. వెయిటింగు లిస్టు నూట పన్నెండు.

కానీ ప్రయాణానికి ముందురోజు పొద్దున పదింటికి కొన్ని సీట్లు విడిగా వదులుతారని అందులోనే రాసుంది. మంగళవారం ఆమె చొక్కాల మూట విప్పలేదు. గోడ గడియారం పది కొట్టగానే ఫోను తెరిచింది. పేరు, వయసు ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. బ్యాంకు పంపిన నంబరు వచ్చేసరికి దాని గడువు అయిపోయింది. రెండోసారి వచ్చింది, నొక్కింది. గుండ్రటి చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు మెసేజు వచ్చింది గాని టికెట్టు రాలేదు. మళ్లీ చూస్తే సీట్లన్నీ అయిపోయాయి.

అప్పటికి గడియారంలో పదీ ఏడు. అంత కొద్ది సమయంలో అంతా పోయినట్టనిపించి ఆమె ఇంట్లో కూర్చోలేక గుమ్మంలోకి వచ్చింది.

రెండిళ్ల అవతల వాచీల బాబాయి కొట్టు ఉంది. మనిషి కూర్చుంటే నిండిపోయే అద్దాల గది. ఆయన ప్రతి నెలా కూతుర్ని చూడటానికి రైల్లో వెళ్తాడు. ఆమె మొహం చూసి కంటికి బిగించిన భూతద్దం తీసి పక్కన పెట్టాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"ఎన్నింటికి మొదలుపెట్టావమ్మా?"

"సరిగ్గా పదింటికి బాబాయ్."

"ఏ పది? మీ గోడ గడియారం పదేనా? అది రెండు నిమిషాలు వెనక. బాగుచేసింది నేనే, నాకు తెలుసు."

ఏడవబోతున్న మనిషికి నవ్వొచ్చింది.

"డబ్బుకు బెంగపడకు, మూణ్ణాలుగు రోజుల్లో అదే వెనక్కొస్తుంది. మెసేజు మాత్రం చెరపకు. కోపంతో మళ్లీ మళ్లీ నొక్కకు. ఇంకోసారి ఇలా పదింటికి కూర్చోవాల్సొస్తే, ఐదు నిమిషాల ముందే లోపలికెళ్లి ఉండు. పేరూ వయసూ ముందురోజే అందులో దాచుకో. ఒక్క టిక్కు పెడితే వాటంతటవే వచ్చి కూర్చుంటాయి."

"ఇంకోసారి సంగతి తర్వాత బాబాయ్. నేను గురువారం పొద్దునకు అక్కడుండాలి."

"ఉంటావు. ఒకే బండి పట్టుకుని వేలాడితే ఎలా? మధ్యలో జంక్షన్ ఉంది కదా. అక్కడిదాకా పగటి బండి చూడు. అక్కణ్ణుంచి సాయంత్రం ఇంకోటి బయల్దేరుతుంది. బండి బయల్దేరే ఊళ్లో సీట్లెక్కువ, మనలాంటి మధ్య ఊళ్లకు తక్కువ ఇస్తారు."

ఆమె ఫోను ఆయన ముందు పెట్టింది. ఆయన తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"నువ్వే కొట్టు. నా వేళ్లకంటే నీ వేళ్లు నయం."

కొట్టు ముందున్న స్టూలు మీద కూర్చుని ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి వంకర అక్షరాల పెట్టె అర్థం కాకపోతే, పక్కనున్న చిన్న గుర్తు నొక్కి ఇంకోటి తెప్పించుకోవచ్చని తెలిసింది. రెండోదాంట్లో అక్షరాలు బుద్ధిగా ఉన్నాయి. జంక్షన్ దాకా బుధవారం పగటి బండిలో సీటు దొరికింది. అక్కడినుంచి సాయంత్రం బండికి మాత్రం వెయిటింగు నాలుగు.

"నాలుగంటే దిగి సీటు ఖాయమవుతుంది. తీసేసుకో" అన్నాడు బాబాయి. "రెండు బళ్లకీ మధ్య నాలుగ్గంటలుంది. మొదటిది ఆలస్యమైనా ఫరవాలేదు."

బుధవారం పగటి బండి ఎక్కేటప్పటికి నాలుగు కాస్తా రెండయింది. దారిలో ఆమె ఫోను తీసి చూడటం, పెట్టడం, మళ్లీ తీయడం. రెండు రెండుగానే ఉంది. బండి గంటన్నర ఆలస్యంగా జంక్షన్ చేరింది. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుంది. బెర్తు లేకపోతే బస్సు ఎక్కడ దొరుకుతుందో టీ అమ్మే ఆయన్ను అడిగి పెట్టుకుంది కూడా. ఐదింటికి ఫోను మోగింది. సీటు ఖాయమైందని మెసేజు, అందులో బోగీ నంబరూ బెర్తు నంబరూ ఉన్నాయి. ఆమె ఆ మెసేజును మూడుసార్లు చదివి, భర్తకు పంపింది. లారీ ఎక్కడో ఆపుకుని ఉన్నట్టున్నాడు, వెంటనే జవాబిచ్చాడు. "గట్టిదానివే."

గురువారం పొద్దున అక్క తలుపు తీసేసరికి చెల్లెలు సంచితో నిలబడి ఉంది. జుట్టు రేగి, బట్టలు నలిగి ఉన్నాయి. అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ తలేంటే? పక్షులేమైనా కాపురం పెట్టాయా? రా ఇటు, కూర్చో."

అది అమ్మే. ఆ సాగదీత, ఆఖర్న ఆ విసురు, అంతా అమ్మే. కాజాలక్క గుమ్మంలోనే సంచి జారవిడిచి నవ్వుతూ ఏడ్చింది. ఆ పూటంతా అమ్మ ఆ ఇంట్లో తిరిగింది. పాలు పొంగబెట్టినందుకు తిట్టింది, పెళ్లి ఫోటోలో తన మొహం సరిగ్గా పడలేదని సణిగింది. ఆసుపత్రికి టైమైందని బావ రెండుసార్లు హెచ్చరించాడు. "అల్లుడుగారూ, కాస్త కూర్చోండి" అందా గొంతు. ఆయన ఠక్కున కూర్చుని, తర్వాత తన మీద తనకే నవ్వొచ్చి లేచాడు.

శుక్రవారం ఆపరేషను బాగా జరిగింది. రెండు వారాలు పెదవి విప్పకూడదన్నారు. అక్క కాగితం మీద రాసి మాట్లాడింది, రాతలోనూ వాగుడు తగ్గలేదు. ఆదివారం ఆసుపత్రి వరండాలో కూర్చుని కాజాలక్క తన తిరుగు ప్రయాణం టికెట్టు తనే తీసుకుంది. నాలుగు నిమిషాలు పట్టింది. పక్క బల్ల మీద ఉన్న పెద్దావిడ అది చూసి, తన ఫోను కూడా అందించింది.

మూడో వారం అక్క ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి, గరుకు గుడ్డ మీద చెయ్యి వేసినట్టుంది.

"అమ్మ రావట్లేదే. చాలాసార్లు చూశాను."

"పోనీలే అక్కా. నేను విన్నానుగా."

"అది కాదే. ఇది విను." అక్క ఒకసారి దగ్గి సర్దుకుంది. "ఎవరే అక్కడ, లైటార్పకుండా వచ్చేసింది?"

కాజాలక్క చేతిలో చొక్కా కింద పడింది. నాన్న పోయి ఇరవై ఏళ్లు. ఆ గొంతు మళ్లీ వింటానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు వీధిలో సగం మంది టికెట్లు ఆమె గుమ్మంలోనే తయారవుతాయి. ఎవరికీ తను తీసిపెట్టదు, పక్కన కూర్చోబెట్టి వాళ్లచేతే తీయిస్తుంది. వచ్చే నెల అక్క తన దగ్గరికి వస్తానంది. నిన్న కాజాలక్క సూదిని దారపు ఉండకు గుచ్చి, ఫోను తీసి, అక్కకు మాత్రం తనే టికెట్టు తీస్తూ, కింది బెర్తు కావాలన్న చోట టిక్కు పెట్టింది. దొరికింది.