బండి ఆగాక పోసిన ఆయిల్

చాలా ఏళ్లుగా ఒక మనిషి బతుకు నా మీద బరువుగా ఉంది. ఆ సంగతి అతనికే తెలియదు. ఇతరుల తప్పులను వార్తలుగా రాసి బతికినవాణ్ణి. కట్టని వంతెనకు కట్టినట్టు లెక్క చూపినవాళ్ల గురించి రాశాను, పేదల బియ్యం పక్కదారి పట్టించినవాళ్ల గురించి రాశాను. నా గురించి మాత్రం రాయలేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాట బయటికి రాదు.

అప్పట్లో నేను భద్రాచలంలో ఒక పత్రికకు విలేకరిని. అక్కా బావా అదే ఊళ్లో ఉండేవారు. బావ దగ్గర వాళ్ల నాన్న నడిపిన పాత స్కూటర్ ఒకటి ఉండేది. టూ స్ట్రోక్ బండి. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. లోపల తిరిగే పిస్టన్‌కు ఆ ఆయిలే దిక్కు. ఏళ్లకొద్దీ మూలన పడి ఉన్న ఆ బండిని మళ్లీ రోడ్డెక్కించినవాడు యాకూబ్. పాత స్కూటర్లంటే ఊళ్లో అందరూ అతని దగ్గరికే పోయేవారు. దుకాణంలో చిన్న లేత్ మిషన్ పెట్టుకుని అరిగిన సిలిండర్ లోపలి గోడను చెక్కి, కొత్త పిస్టన్ పట్టేలా బోరు తానే కొట్టేవాడు. ఆ సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. మా బావ బండి సిలిండర్ అప్పటికే అరిగి అరిగి ఆఖరి సైజుకు వచ్చింది. ఇక మరోసారి బోరు కొట్టడానికి లేదు.

"కొత్త పెండ్లికొడుకు లెక్క తయారు చేసిన సారూ," అన్నాడు బండి అప్పజెబుతూ. "కొన్ని దినాలు జల్దీ జల్దీ ఉరికియ్యకుండ్రి. ఆయిల్ జరంత ఎక్కువనే పొయ్యుండ్రి."

నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

కొన్నాళ్లకు చర్ల వైపు అడవి పల్లెలో వాగు పొంగి కల్వర్టు కొట్టుకుపోయిందని కబురు వచ్చింది. బావ బండి తీసుకుని వెళ్లాను. ఫొటోలు తీసుకుని తిరిగి వస్తుంటే పెట్రోలు అయిపోవచ్చింది. ఆ దారిలో కిరాణా కొట్లలోనే సీసాల్లో పెట్రోలు అమ్ముతారు. ఉత్త పెట్రోలు. ఆయిల్ ప్యాకెట్ విడిగా కొని కలుపుకోవాలి. ప్యాకెట్లు అయిపోయాయనీ, వెనక ఊళ్లో దొరుకుతాయనీ కొట్టులో ఆమె చెప్పింది. వెనక్కి పోతే ఆలస్యం. అవతలి పత్రికవాడు నాకంటే ముందు ఫొటో పంపుతాడు. ట్యాంకు అడుగున ఆయిల్ కలిసిన పెట్రోలు కాస్త ఉంది కదా అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? లేక అనుకున్నట్టు నాకు నేను చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. సీసా పోయించుకుని, వెళ్లకూడదని చెప్పిన వేగంతోనే వెళ్లాను.

దుమ్ముగూడెం ఇంకా రాకముందే ఇంజన్ శబ్దం సన్నబడింది. వేడి వాసన వచ్చింది. ఉన్నట్టుండి వెనక చక్రం బిగుసుకుపోయి బండి రోడ్డు మీద ఈడ్చుకుంటూ ఆగింది. కిక్ కొడితే కదల్లేదు. రాయిని తన్నినట్టుంది.

అటుగా వచ్చిన ట్రాలీ ఆటోలో బండిని ఎక్కించాను. దుమ్ముగూడెంలో డ్రైవర్ టీకి దిగాడు. పక్కనే స్పేర్ పార్ట్స్ దుకాణం. ఒక ఆయిల్ ప్యాకెట్ కొన్నాను. పళ్లతో కొరికి ట్యాంకులో పిండాను. బాగా కలవాలని బండిని అటూ ఇటూ ఊపాను కూడా. అప్పటిదాకా జరిగింది తొందరపాటు అని చెప్పుకోవచ్చు. ఆ ఊపడాన్ని ఏమని చెప్పుకోను?

కబురందుకుని బావ దుకాణానికి వచ్చాడు. యాకూబ్ ఇంజన్ విప్పాడు. పిస్టన్ మీద నిలువునా గీతలు. సిలిండర్ లోపలా అవే గీతలు. లేచి ట్యాంకు మూత తీసి తొంగిచూశాడు. పెట్రోలు నీలంగా కనిపించింది, ఆయిల్ కలిస్తే ఎలా ఉండాలో అలాగే.

"అన్నా, ఆయిల్ పోసినవా?"

"పోసిన."

"యాడ?"

"పొయ్యేటప్పుడే, బంకుల."

పక్కనుంచి బావ లేచాడు. "ఏందిరా యాకూబ్, మా బామ్మర్దిని పోలీసోని లెక్క అడుగుతున్నవ్? పేపరోడు అబద్ధం చెప్తడా? నువ్వే బోరు టైటుగ కొట్టినవ్."

యాకూబ్ వాదిస్తాడనుకున్నాను. ఎవరితోనైనా వాదించే మనిషి. వేలితో పిస్టన్ మీది గీతలను తడిమాడు. బోరు బిగుతైనా గీతలు అలాగే పడతాయి.

"అవ్ సారూ," అన్నాడు చివరికి. "నా చెయ్యే తప్పింది."

స్కూటర్ పాత ఇనుముకు పోయింది. బావ ఈ సంగతి కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. పాత బండ్లున్నవాళ్లు కొత్తగూడెం పోసాగారు. అది కొంత నష్టం. అసలు నష్టం వేరు. ఎవరైనా సిలిండర్ తెచ్చినా యాకూబ్ కొలిచి, మళ్లీ కొలిచి, "ఇంకోకాడికి తీస్కపో" అనడం మొదలుపెట్టాడు. తన చేతిని తానే నమ్మలేకపోయాడు. లేత్ అమ్మేసి, అత్తగారి ఊరు కారేపల్లికి వెళ్లిపోయాడు.

పోయినేడు పని మీద కారేపల్లి వెళ్తే టీ కొట్టు దగ్గర అతనే పిలిచాడు. ట్రాక్టర్ డ్రైవర్‌గా పనిచేస్తున్నాడట. వద్దంటున్నా టీ ఇప్పించాడు. పక్కనున్నవాళ్లకు నన్ను చూపించాడు.

"గీ అన్న పేపర్ల పనిచేస్తడు. నేను బండి ఖరాబు చేసిన ముచ్చట రాస్తే నా ఇజ్జత్ పోతుండె. ఒక్క ముక్క రాయలె. పెద్ద మనసు."

నేను ఆ టీ తాగాను. చివరిదాకా తాగాను.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? నలుగురూ ఉన్నారనా? వాళ్లు లేకపోయినా చెప్పేవాణ్ణి కాదేమో. నిజం చెబితే నా పెద్దమనసు పోతుంది. అంతటి తప్పు చేసి కూడా, అతనిచ్చిన ఆ పేరును పోగొట్టుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఇక్కడ నా పేరు పెట్టడం లేదు. ఆ ధైర్యం ఇంకా రాలేదు. అతని పేరు కూడా మార్చాను. అయినా ఇది అచ్చయితే ఇద్దరు మనుషులు నన్ను గుర్తుపడతారు. ఒకరు మా బావ. రెండో మనిషిని క్షమించమని అడగను. అడిగితే ఆ భారం కూడా అతని మీదే వేసినట్టవుతుంది. చెప్పవలసింది చెప్పడమే మిగిలింది.

యాకూబ్, నీ బోరు సరిగ్గానే ఉంది. ఉత్త పెట్రోలు పోసి నేనే నడిపాను.