చాలుకీ చాలూకీ మధ్య వేలు

నా కుడిచేతి చూపుడు వేలికి పైకణుపు లేదు. ఎవరైనా అడిగితే రోలింగ్ మిల్లులో పోయిందని చెబుతాను. ఎర్రగా కాలిన ఇనుప పలక రోలర్ల మీద జారుకుంటూ వస్తోంది, ఒక మనిషి దారిలో బిగుసుకుపోయి నిలబడ్డాడు, నేను అతన్ని పక్కకి లాగేశాను, ఆ లాగడంలో వేలు పోయింది. వినేవాళ్లు కొత్తవాళ్లయితే ఆ మనిషిని ఇద్దరిని చేస్తాను. ఒకసారి దుర్గ్ స్టేషన్లో రైలు ఆలస్యమైతే నలుగురిని కాపాడాను.

నిజానికి ఆ వేలు పోయింది భిలాయిలో, రుఆబాంధా సెక్టారులో మా క్వార్టరు వరండా ముందు, ఒక ఆదివారం పొద్దున్న, నా సొంత మోటారు సైకిలు గొలుసులో. తొంభైల మొదట్లో. నేనప్పుడు మిల్లులో ఫిట్టర్ని. అది మాత్రం అబద్ధం కాదు.

మోటారు సైకిలు గొలుసు అంటే అందరికీ వెనక చక్రానికి పోయేదే గుర్తొస్తుంది. మా పాత బండికి ఇంకొకటి ఉండేది. ఇంజను తిప్పిన తిప్పుడుని క్లచ్చికి అందించేది అదే. ప్రైమరీ చైన్ అనేవాళ్లం. ఎడమవైపు మూత వెనక, నూనెలో మునిగి తిరుగుతూ ఉంటుంది. కంటికి కనబడదు కాబట్టి తెగేదాకా ఎవరూ దాని జోలికి పోరు. నేను ఏడాదికి రెండుసార్లు మూత విప్పేవాణ్ణి. ముందు నూనె పళ్లెంలోకి వదిలి, వేళ్ల మధ్య రుద్ది చూడాలి. మెరిసే పొడి తగిలితే లోపల ఇనుము ఇనుముని తింటోందన్నమాట. గొలుసు వదులైతే మూత లోపలి గోడకి రాసుకుని గీత పడుతుంది. పళ్లచక్రం పళ్లు అరిగి ఒకవైపుకి కొక్కేల్లా వంగుతాయి. గొలుసుని కింది నుంచి ఎత్తిపట్టే రబ్బరు దిమ్మెకి గాట్లు పడతాయి. ఇవన్నీ చూశాక, ఆట.

ఆట అంటే గొలుసు వదులు. మధ్యలో వేలు పెట్టి ఎత్తి దించితే పావు అంగుళం ఆడాలి. ఒక్క చోట చూసి వదిలేయకూడదు, గొలుసు అన్నిచోట్లా ఒకలాగ అరగదు. కిక్ మెల్లగా ఒత్తి ఇంజనుని కాస్త తిప్పడం, మళ్లీ వేలు పెట్టడం. అలా చూస్తూపోతే ఒక చోట అన్నిటికంటే బిగుతుగా తగులుతుంది. పావు అంగుళం ఉండాల్సింది అక్కడ.

నేను స్కేలు పెట్టేవాణ్ణి కాదు. కాగితం పట్టుకుని దాని మందం వేలితో చెబుతానని మిల్లులో పందేలు కాసేవాణ్ణి. ఎప్పుడూ నేనే గెలిచేవాణ్ణి. ఎవరి దగ్గరా కొలిచే సాధనం లేనప్పుడే పందెం వేసేవాణ్ణి లెండి.

వేలు పెట్టేముందు ప్లగ్గు ఊడదీయాలి. అప్పుడు ఇంజను తేలిగ్గా తిరుగుతుంది, స్టార్టు అయ్యే ప్రశ్నే లేదు. ఈ మాట సెక్టారు మొత్తానికి నేర్పింది నేనే. ఆ ఆదివారం ప్లగ్గు తీయనిదీ నేనే.

ఆ రోజు బండికి అవతలి పక్క నిలబడ్డది మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. కోహ్కాలో ఉండేవాడు, ప్లాంటులో క్రేను నడిపేవాడు. మేం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం గానీ వాడు పుట్టింది భిలాయిలోనే. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాడు, మిగతాదంతా హిందీలో నేర్చుకున్నాడు.

"ఏటి బావా, ప్లగ్గు తియ్యవేటి?" అన్నాడు.

"నా వేలికి ప్లగ్గుతో పనేటి. నువ్వు కిక్ మెల్లిగా ఒత్తు. ఆట చూసేక స్టార్టు చేసి చప్పుడు విందాం. చప్పుడుబట్టి చెప్పేస్తాను ఎన్నేళ్లొస్తాదో."

"ఉస్తాద్ చెప్పేక ఇంకేటి," అన్నాడు.

నేను ఎడమవైపు గొంతుక్కూర్చున్నాను. వాడు కుడివైపు కిక్ మీద కాలు పెట్టి నిలబడ్డాడు. మా మధ్య పెట్రోలు ట్యాంకు. వాడి మొహం నాకు కనబడదు, నా చెయ్యి వాడికి కనబడదు.

"ఇంకొంచెం," అన్నాను. "ఇంకొంచెం."

వాడు ఒత్తాడు. ఒత్తి, "చాలూ?" అని అడిగాడు.

భిలాయిలో మా వాళ్లందరి నోట్లోనూ రెండు మాటలుండేవి. తెలుగు చాలు ఆపమంటుంది. హిందీ చాలూ నడపమంటుంది. పంపు చాలూ, ఫ్యాను చాలూ, క్రేను చాలూ. రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. అడిగేటప్పుడు తెలుగు మాటకి కూడా ఆ దీర్ఘం వచ్చేస్తుంది.

"ఆఁ, చాలు," అన్నాను.

వాడు కిక్ కొట్టాడు.

నొప్పి వెంటనే రాలేదు. గొలుసు కొంత తిరిగి ఆగింది. నేను చూసింది పళ్లచక్రాన్ని. పళ్లు బాగానే ఉన్నాయి, ఇంకో రెండేళ్లు వస్తాయి అనుకున్నాను. ఆ తరవాత వేలు చూసుకున్నాను.

ఆసుపత్రిలో కుట్టారు. మానింది గానీ మిగిలిన మొద్దుకి స్పర్శ రాలేదు. వేడి టీ గ్లాసు తగిలినా, చన్నీళ్లు తగిలినా ఒకటే. నన్ను టూల్ రూముకి మార్చారు. కిటికీ లోంచి పానాలు, సుత్తులు ఇవ్వడం, సాయంత్రం తిరిగి తీసుకోవడం. బాధపడ్డానా అంటే గుర్తు లేదు. పొద్దున్న వెళ్లేవాణ్ణి, సాయంత్రం వచ్చేవాణ్ణి.

మిల్లు కథ బయటివాళ్లకి. ఇంట్లో, సెక్టారులో వేరే కథ చెప్పాను. "నేను చాలు అన్నాను. ఈడు చాలూ అనుకున్నాడు." అంతే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు అడిగాడన్న సంగతి ఆ కథలో లేదు. ప్లగ్గు సంగతీ లేదు. వారం తిరక్కుండా క్రేను దగ్గర వాడికి చాలూ భయ్యా అని పేరొచ్చింది. నెహ్రూ నగర్ చౌరస్తాలో ఎవరో ఆ పేరుతోనే కేకేశారట. తరవాత వాడు మోటారు సైకిలు ముట్టుకోలేదు, కోహ్కా నుంచి సైకిలు మీదే వచ్చేవాడు. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే చాలు అనడం మానేశాడు. కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "బస్, అక్కా," అనేవాడు.

"ఏటిరా, తెలుగు మర్చిపోనావా," అనేది మా ఆవిడ.

మిల్లు కథ వల్ల ఎవరికీ నష్టం లేదు. ఈ కథ వల్ల ఉంది. వాడి అరచెయ్యి ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. చెప్పాలని అనిపించలేదు. వద్దనీ అనిపించలేదు.

ఐదారేళ్లు పోయాక బండి ఎడమవైపు నుంచి చప్పుడు మొదలైంది. మూత విప్పాను. లోపలి గోడకి తాజా గీత. దిమ్మెకి లోతుగా గాట్లు. అలవాటుకొద్దీ మొద్దువేలు పెట్టి గొలుసు ఎత్తాను, ఏమీ తెలియలేదు. మధ్యవేలు పెట్టాను. దానికి ఆ విద్య రాదు. వాడికి కబురు పెట్టాను.

వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ప్లగ్గు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఈసారి వాడు ఎడమవైపు, నేను కుడివైపు. నేను చేత్తో కిక్ తిప్పుతున్నాను.

"ఢీలా ఉంది బావా. అరంగుళం ఆడతంది."

"ఆ రోజు నువ్వడిగేవురా," అన్నాను.

"ఏటి?"

"చాలూ అని అడిగేవు. నేను ఆఁ అన్నాను. ప్లగ్గు కూడా అడిగేవు."

వాడు దిమ్మె కింద బోల్టు బిగిస్తున్నాడు. "అడిగేను," అన్నాడు.

"మరి ఎవరికీ చెప్పలేదేటి?"

"పోయిన వేలు నీది కద బావా. నేనేటి చెప్తాను." మళ్లీ వేలు పెట్టి ఎత్తి చూశాడు. "తిప్పు."

తిప్పాను. ఆరేడు చోట్ల చూశాడు. నూనె పోసి మూత బిగించాకే ప్లగ్గు జేబులోంచి తీశాడు.

భోజనాల దగ్గర మా ఆవిడతో చెప్పాను, వాడి ఎదురుగానే. అడిగాడనీ, ఔనన్నాననీ. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"మరి అందరూ ఈడిని చూసి నవ్వినప్పుడు మీరూ నవ్వేరు," అంది.

"నవ్వేను."

తమ్ముడి కంచంలో అన్నం పెట్టింది, పప్పు పోసింది, మళ్లీ అన్నం పెట్టబోయింది. వాడు ఏమంటాడోనని నేను ముద్ద చేతిలోనే పట్టుకుని చూస్తున్నాను.

వాడు కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్, అక్కా," అన్నాడు.