డాపల కడ్డీ

బెంగాలు ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ సందులో వానాకాలమంతా నీరు నిలుస్తుంది. బీటిల్ కారుకు ఇంజను వెనక ఉంటుంది గనుక, అది తడవకూడదని ధర్మారావు గారు ఒకనాడు కారు వెనకభాగాన్ని ఎత్తు చేశారు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన మనిషి. ఆ పని స్వయంగానే చేసుకున్నారు. నాటినుంచి కారు ముక్కు నేలకు వంచి, తోక ఎత్తి నిలిచేది. ఆయనకది ముచ్చటగానే ఉండేది.

భార్య సత్యవేణి గారికి మోకాళ్ళు పట్టు తప్పిన తరువాత ఆ ముచ్చట బాధగా మారింది. సీటుమీద ముందుకు జారిపోకుండా కాళ్ళు ఊనుకునే శక్తి ఆమెకు లేకపోయింది.

"నానింక ఈ బండెక్కనండీ. జారుడుబల్ల మీద కూకున్నట్టుంది," అని తేల్చి చెప్పేశారు.

కారు కొన్న తొలి ఆదివారం గార్డెన్ రీచ్ దాకా వెళ్ళినప్పుడు, ఓడ కూత విని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టిన సంగతి ఆయనకు నేటికీ గుర్తే. తరువాతి ఆదివారాలన్నీ ఆ కారులోనే గడిచాయి. ఆమె ఎక్కని కారు తనకెందుకు? తోక దించి చూడాలి. అప్పటికీ ఆమె ఎక్కకపోతే అమ్మివేయాలి.

పొరుగునే మెకానిక్కు షెడ్డున్న తపన్ తోడు వచ్చాడు. తెలుగువాళ్ళ క్వార్టర్ల మధ్య పెరిగిన బెంగాలీ. వెనక చక్రాల బరువును మోసేవి రెండు టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కుకడ్డీలు. వాటి రెండు కొసలకూ పళ్ళుంటాయి. లోపలి కొసను ఒకవైపు, బయటి కొసను ఎదురువైపు పళ్ళు మార్చి బిగిస్తే ఎత్తు కొద్దికొద్దిగా తగ్గుతుంది. రెండు కడ్డీలనూ ఊడదీసి, తుడిచి, గ్రీజు పూశారు.

"డాపలది అందియ్యి, తపన్!" కారు కిందనుంచి ధర్మారావు గారు కేక వేశారు.

తపన్ అందించాడు. రెండోది అవతలిపక్క వేసి బిగించి, కారును వీధి చివరిదాకా తిప్పి తెచ్చేసరికి వెనకభాగం చతికిలబడింది. మళ్ళీ విప్పి, కడ్డీ కొసమీది అక్షరం చూస్తే అది కుడివైపుది. అటుపక్కవి ఇటు వేస్తే అవి బరువు మోయలేవు.

"ఏట్రా ఇది? డాపలదిమ్మన్నాను గదా!"

"డాన్ పాశ్ అనుకున్నా దాదా. మా భాషలో డాన్ అంటే కుడే కదా!"

"మీ డాను మండా! డాపలంటే ఎడమరా. మా నాన్న బండికి డాపల గిత్త ఎడమపక్కే ఉండేది."

"ఇక్కడ గిత్తలెక్కడున్నాయి దాదా? ఎడమ అంటే నోరు నొప్పెడుతుందా?"

గుమ్మంలో కుర్చీ వేసుకున్న సత్యవేణి గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మావయ్యగారి మాటలు ఈయన నోటికి ఇంకా అంటుకునే ఉన్నాయి, తపన్! మా ఊరి కాలువకాడ నన్ను చూడ్డానికొచ్చిన రోజు కూడా 'వలపలకి రండి' అన్నారు; వలపలంటే కుడిపక్కని నాకేటి తెలుసు? ఎటెళ్ళాలో తెలీక నిలబడిపోయాను."

ధర్మారావు గారికి కూడా నవ్వు వచ్చింది. తండ్రి పోయి ఎన్నాళ్ళయినా, ఆ గొంతు తన నోట పలుకుతున్నదని ఆయనకు ఇప్పుడే తట్టింది.

కడ్డీలను మార్చి, పళ్ళు సరిచూసి, మళ్ళీ బిగించారు. ఈసారి కారు సమంగా నిలిచింది. సత్యవేణి గారు తలుపు పట్టుకుని ఎక్కి, నెమ్మదిగా వెనక్కి వాలారు. కొంతసేపటికి కాళ్ళు సడలించారు.

"జారడం నేదండీ."

ఆయన గబగబా అటుపక్కకు వచ్చి, తలుపు తీసి, స్టీరింగు మీద చేయి వేయబోయారు.

"ముందా గ్రీజు సేతులు తుడుసుకోండి," అన్నారామె. "నాకు తొందరేటీ నేదు."